బుడ్డల చేనికి మట్టి పరీక్ష: కార్డులో ఏ అంకెను నమ్మాలి, అందులో లేనిదేమిటి

ఎకరా చేనిలో పైనున్న ఆరు అంగుళాల మట్టిని తూకం వేస్తే సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులోంచి ల్యాబుకు పోయేది అర కిలో. ఆ అర కిలోలో భాస్వరం పరీక్షకు వాడేది రెండున్నర గ్రాములు, సేంద్రియ కర్బనానికి ఒక గ్రాము, జింకు, ఇనుము లాంటి వాటికి పది గ్రాములు. సాయిల్ హెల్త్ కార్డు మీద అచ్చయ్యే పన్నెండు అంకెలూ ఆ గుప్పెడు మట్టి చెప్పినవే. కాబట్టి ఈ మట్టి పరీక్ష సేవ ఎలా ఉందో తేల్చాలంటే చేని గెనెం (గట్టు) దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

తీర్పు ముందే చెప్పేస్తాం. అనంతపురం ఎర్రనేలల్లో వానను నమ్ముకుని బుడ్డలు, అంటే వేరుశనగ, వేసే రైతుకు ఇది అక్కరకొచ్చే సేవ, పథకం కింద తీసే నమూనాకు పైసా ఖర్చు లేని సేవ. కానీ దానికి రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, ఆ మట్టి మీ చేనిదే అయివుండాలి. రెండోది, కార్డు చేతికొచ్చాక అందులో ఏం కొనాలో వెతికేముందు ఏం కొనడం మానేయొచ్చో వెతకాలి. ఈ రెండూ కుదిరితే ఒక్క పంటకే తేడా తెలుస్తుంది. కుదరకపోతే అది బీరువాలో ఇంకో కాగితం.

కేంద్రం ఈ పథకాన్ని 2015 ఫిబ్రవరి 19న మొదలుపెట్టింది. కార్డులో నేల ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్, ఈసీ అనే లవణాల సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ ఉంటాయి. ఆరు పంటలకు రెండేసి రకాల ఎరువుల మోతాదులు కూడా రాసి ఇస్తారు. ఆలోచన మంచిది. చిక్కంతా నమూనా తీసిన పద్ధతిలో ఉంది. పథకం నిబంధన ప్రకారం నీటి వసతి ఉన్న భూముల్లో రెండున్నర హెక్టార్లకు ఒకటి, మెట్ట భూముల్లో పది హెక్టార్లకు ఒకటి చొప్పున నమూనా తీయాలి. పది హెక్టార్లంటే 25 ఎకరాలు. కళ్యాణదుర్గం వైపో ధర్మవరం వైపో 25 ఎకరాల మెట్టలో ఎంతమంది రైతుల చేలు ఉంటాయి? పైన గరుసు (గులకరాళ్ల మట్టి), మధ్యలో ఇసుక పాలెక్కువ ఉన్న ఎర్రమట్టి, దిగువన వంక పక్కన కొట్టుకొచ్చిన ఒండ్రు, ఇవన్నీ ఒకే గడిలో, అంటే ఒక్క నమూనా తీసే ఆ 25 ఎకరాల ముక్కలో పడతాయి. వాళ్లందరి కార్డుల్లోనూ ఒకే అంకెలు వస్తాయి. ఊరి మొత్తానికి ఏ పోషకం కొరత ఉందో చెప్పడానికి ఆ లెక్క సరిపోతుంది. ఒక చేనిలో ఎన్ని బస్తాలు వేయాలో దాన్ని చూసి తేల్చుకోవడం కుదరదు. పక్కవాళ్ల కార్డూ మీ కార్డూ పక్కపక్కన పెట్టి చూడండి. అన్ని అంకెలూ దశాంశాలతో సహా కలిస్తే అది గడి నమూనా. అప్పుడు సొంత నమూనా ఇవ్వాల్సిందే.

సొంత నమూనా తీయడానికి సరైన కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్. చేను ఖాళీగా ఉంటుంది, ఎరువు పడి నెలలు గడిచి ఉంటాయి, ల్యాబుల్లో రద్దీ తక్కువ. రోహిణి కార్తెలో ఇస్తే విత్తనం పడ్డాక ఫలితం వస్తుంది, దానితో ఆ ముంగారుకు (ఖరీఫ్‌కు) పని లేదు. పెంట తోలిన చేనిలో, ఎరువు వేసి మూడు నెలలు దాటని చేనిలో తీయకూడదు. గెనెం పక్కన, చెట్టు కింద, పెంటదిబ్బ ఉన్న చోట, కాలువ వెంట, గొర్రెల మంద నిలిపిన జాగాలో కూడా వద్దు. ఆ మంద నిలిపిన మూల ఎక్కడో చేనులో పని చేసేవాళ్లకు తెలుస్తుంది. కలుపు తీసే ఆడవాళ్లను అడిగితే ఏ మూల పైరు గుబురుగా వస్తుందో, ఏ మూల పసుపు పచ్చగా పోతుందో వేలు పెట్టి చూపిస్తారు. అలా తేడా ఉన్న చోట్లను ఒకదాంట్లో కలపకుండా విడి నమూనాలుగా తీయాలి.

తీసే తీరు ఇది. చేనిలో పాము నడిచినట్టు వంకరటింకరగా నడుస్తూ ఎకరాకు ఎనిమిది నుంచి పది చోట్ల ఆగాలి. ఆగిన చోట పైనున్న ఆకులు, దుబ్బులు, రాళ్లు పక్కకు నెట్టాలి, మట్టిని మాత్రం గీకకూడదు. ‘వి’ ఆకారంలో ఆరు అంగుళాల లోతు గుంత తవ్వి, ఆ మట్టిని పారేయాలి. ఇప్పుడు గుంత ఏటవాలు గోడ నుంచి వేలెడు మందం చెక్కను పై నుంచి అడుగు దాకా ఒకే మందంగా కోసి తీయాలి. ఎక్కువ తప్పు ఇక్కడే జరుగుతుంది. పార వాలిపోయి పైన మందంగా, కింద పలచగా వస్తుంది. పై రెండు అంగుళాల్లో భాస్వరం ఎక్కువ పేరుకుని ఉంటుంది కాబట్టి, పైమట్టి పాలెక్కువైతే కార్డులో భాస్వరం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రెండు అంగుళాలు గీకి సంచిలో వేసుకుపోయే నమూనాలన్నిటికీ ఇదే జబ్బు.

పనిముట్టు కూడా ముఖ్యమే. జింకు పూత ఉన్న తగరపు బకెట్‌లో మట్టి కలిపితే జింకు లెక్క పెరుగుతుంది. తుప్పు పట్టిన పారతో తీస్తే ఇనుము లెక్క పెరుగుతుంది. యూరియా సంచిలో వేస్తే చెప్పనక్కర్లేదు. ప్లాస్టిక్ బకెట్, తుప్పులేని పార లేదా చెక్క తాపీ, కొత్త గుడ్డసంచి లేదా శుభ్రమైన పాలిథిన్ సంచి చాలు. పది చోట్ల మట్టినీ కలిపి, చాప మీద గుండ్రంగా పరిచి, చేత్తో ప్లస్ గుర్తులా నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. మిగిలింది మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయాలి. అర కిలో మిగిలేదాకా ఇదే పని. ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాలి. చీటీలు రెండు రాయాలి, ఒకటి సంచి లోపలికి, ఒకటి మూతికి. రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, పోయిన పంట, వేయబోయే పంట, వానాధారమా బోరా అన్నది పెన్సిలుతోనే రాయండి. మట్టిలో తేమ ఉంటే పెన్ను సిరా అలుక్కుపోతుంది, చీటీ చదవలేని సంచి ల్యాబులో దిక్కులేనిదవుతుంది.

సంచిని మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఇవ్వొచ్చు. అనంతపురం దగ్గర రెడ్డిపల్లి, కళ్యాణదుర్గం, కర్నూలు జిల్లా బనవాసి, కడప దగ్గర ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రాల వాళ్లను అడిగితే పరీక్ష ఎక్కడ, ఎప్పుడు చేస్తారో, రుసుము ఏమైనా ఉందో చెబుతారు. మొదటిసారి ఇస్తుంటే ఒక చిన్న పని చేయండి. కలిపిన మట్టినే రెండు సంచులు చేసి రెండు చేల పేర్లతో ఇవ్వండి. పీహెచ్‌లో 0.2, 0.3 తేడా మామూలే. భాస్వరం మాత్రం ఒకదానిలో రెండింతలు వస్తే ఆ బ్యాచ్ ఫలితాలను నమ్మి బస్తాలు కొనకండి, మళ్లీ చేయమని అడగండి.

ల్యాబులో ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే ఏ అంకెకు ఎంత బరువు ఇవ్వాలో అర్థమవుతుంది. మట్టిని దంచి రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. భాస్వరానికి ఓల్సన్ పద్ధతి, 1954 నాటిది: సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో అరగంట ఊపి, వడగట్టి, నీలిరంగు తెప్పించి ఆ రంగు చిక్కదనాన్ని కొలుస్తారు. సేంద్రియ కర్బనానికి 1934 నాటి వాక్లీ–బ్లాక్ పద్ధతి. జింకు, ఇనుము, రాగి, మాంగనీసుకు లిండ్సే, నార్వెల్ 1978లో ప్రకటించిన డీటీపీఏ పద్ధతి, అందులో రెండు గంటలు ఊపాలి. ఇవన్నీ దశాబ్దాల పరిశోధనలో నిలిచిన పద్ధతులు. పీహెచ్, ఈసీ, భాస్వరం, పొటాష్ అంకెలను ధైర్యంగా నమ్మొచ్చు. గంధకం ఫర్వాలేదు. బోరాన్ సున్నితమైన పరీక్ష, మామూలు గాజు పాత్రల్లో చేస్తే గాజులోని బోరానే అందులోకి దిగుతుంది. నత్రజని దగ్గర జాగ్రత్త అవసరం. దానికి సుబ్బయ్య, అసిజా 1956లో ఇచ్చిన పర్మాంగనేట్ పద్ధతి ఉంది గానీ, కొన్నిచోట్ల దాన్ని కొలవకుండా సేంద్రియ కర్బనం నుంచి లెక్కగట్టి రాసేస్తారు. ఎలాగైనా మన ఎర్రనేలల్లో అది ‘తక్కువ’ అనే వస్తుంది, బుడ్డలు గాలిలోని నత్రజనిని వేరుబుడిపెల్లో నిలుపుకునే పంట. ఆ ‘తక్కువ’ను చూసి యూరియా పెంచితే ఆకు ఏపుగా పెరిగి కాయ తగ్గుతుంది.

మన నేలలకు ఇంకో సంగతి. ఆ రెండు మిల్లీమీటర్ల జల్లెడలో గరుసంతా పైనే ఆగిపోతుంది. పరీక్ష కిందకు దిగిన మెత్తటి మట్టికే. తర్వాత దాన్ని హెక్టారుకు మార్చేటప్పుడు చేనంతా ఆరు అంగుళాల లోతున మెత్తటి మట్టే ఉందన్నట్టు, హెక్టారుకు 22 లక్షల 40 వేల కిలోల మట్టి అని లెక్క వేస్తారు. మూడో వంతు గరుసున్న చేనిలో ఉండే పోషకం కార్డు చెప్పినదాంట్లో మూడింట రెండు వంతులే. రాప్తాడు, కనగానపల్లి లాంటి చోట్ల గరుసు మిట్టల మీద చేలున్నవాళ్లు ‘మధ్యస్థం’ అని ఉన్నదాన్ని ‘తక్కువ’కు దగ్గరగా చదువుకోవడం మేలు.

ఇక కార్డు చదవడంలో జరిగే పెద్ద పొరపాటు హెక్టారుకూ ఎకరాకూ మధ్య. కార్డులో అంకెలు హెక్టారుకు ఉంటాయి. మనం వేసేది ఎకరాకు. వానాధార వేరుశనగకు సిఫారసు హెక్టారుకు 20–40–50, అంటే ఎకరాకు నత్రజని 8, భాస్వరం 16, పొటాష్ 20 కిలోలు. ఎరువుల్లో చెప్పాలంటే సుమారు 18 కిలోల యూరియా, 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 33 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. హెక్టారు అంకెను ఎకరాకు అనుకుని వేస్తే సూపర్ ఒక్కటే 250 కిలోలవుతుంది, రెండున్నర రెట్లు. కార్డు మీదనే పెన్నుతో ప్రతి మోతాదునూ రెండున్నరతో భాగించి పక్కన రాసుకుని, అప్పుడే దుకాణానికి వెళ్లండి. ఇక మట్టిలో ఉన్న పోషకం సంగతి: ఎకరా లెక్కలో నత్రజని 112 కిలోల లోపు తక్కువ, 224 దాటితే ఎక్కువ. భాస్వరం 10 లోపు తక్కువ, 24 దాటితే ఎక్కువ. పొటాష్ 58 లోపు తక్కువ, 136 దాటితే ఎక్కువ. తక్కువుంటే సిఫారసు కంటే 30 శాతం పెంచాలి, ఎక్కువుంటే 30 శాతం తగ్గించాలి, మధ్యస్థమైతే ఉన్నది ఉన్నట్టు వేయాలి.

ఈ కార్డు డబ్బు మిగిల్చేది భాస్వరం వరుసలోనే. మన దగ్గర విత్తేటప్పుడు ఎకరాకు ఒక బస్తా డీఏపీ వేయడం ఏళ్లుగా అలవాటు. 50 కిలోల డీఏపీలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. పంటకు కావాల్సింది 16. భాస్వరం నేలలో కదలదు, కొట్టుకుపోదు, మిగిలింది ఏటేటా పేరుకుంటుంది. అలా పేరుకున్న చేనిలో కార్డు భాస్వరం ‘ఎక్కువ’ అంటే 16లో 30 శాతం తీసేసి 11 కిలోలు చాలు. 23 వేసే చోట 11. అది 70 కిలోల సూపర్‌తో వస్తుంది. సూపర్‌లో భాస్వరం 16 శాతమే అయినా దానితో పాటు 11 శాతం గంధకం, 20 శాతం దాకా కాల్షియం వస్తాయి. డీఏపీలో ఆ రెండూ లేవు. నూనెగింజకు గంధకం లేకపోతే నూనె శాతం పడిపోతుంది. 1,350 రూపాయల డీఏపీ బస్తా బదులు సూపర్ వేస్తే తక్కువ ఖర్చులో అవసరమైనవి మూడు అందుతాయి. కార్డు పుణ్యమా అని రైతు చేతిలో మిగిలే డబ్బు ఇదే, దీన్ని ప్రతి ఊళ్లోనూ రచ్చబండ మీద కూర్చోబెట్టి లెక్క వేసి చూపించాలి.

ఇప్పుడు కార్డులో లేని వాటి గురించి. మా గట్టి ఫిర్యాదు ఇక్కడే. పన్నెండు అంకెల్లో కాల్షియం లేదు. దేశంలో ఎక్కడ లేకపోయినా అనంతపురం కార్డులో ఉండాల్సింది అదే. వేరుశనగలో వేరు పీల్చిన కాల్షియం నీటితో పాటు ఆకులకే ఎక్కుతుంది, అక్కడి నుంచి కిందికి దిగదు. మట్టిలో దాగిన కాయ నుంచి నీరు ఆవిరి కాదు కాబట్టి వేరు నుంచి దానికి కాల్షియం దాదాపు చేరదు. పూత నుంచి మట్టిలోకి ఊడ దిగిన తర్వాత కాయ తన చుట్టూ ఉన్న రెండు మూడు అంగుళాల మట్టి నుంచి పొట్టుతోనే కాల్షియం లాక్కోవాలి. అక్కడ లేకపోతే కాయ పైకి బాగా కనిపిస్తుంది, ఒలిస్తే గింజ ఉండదు లేదా ముడుచుకుని ఉంటుంది. తాలు కాయలకు బెట్ట ఒక కారణమైతే, ఇది రెండో కారణం. రెంటినీ విడదీసి చెప్పే పరీక్ష కార్డులో లేదు.

అందుకని పరీక్షలో రాకపోయినా కాల్షియం ఇచ్చే జిప్సం వేయాలి: ఎకరాకు 200 కిలోలు, తొలిపూత సమయంలో, విత్తిన 35 నుంచి 45 రోజుల మధ్య, కలుపు తీసి, మొక్కల మొదళ్ల దగ్గర సాళ్లలో వేసి మట్టి ఎగదోయాలి. నేలలో పదును ఉన్నప్పుడే వేయాలి, ఎండిన మట్టిలో అది కరగదు. ముందే దుక్కిలో వేసేస్తే ఇసుక నేలల్లో వానకు లోతుకు దిగిపోతుంది. 45 రోజులు దాటాక గుంటక తోలినా, దంతె తోలినా దిగిన ఊడలు తెగుతాయి, కాబట్టి ఈ పదిరోజుల గడువు తప్పకూడదు. దుకాణంలో కొన్న జిప్సం గడ్డలు కట్టి ఉంటే కొట్టి పొడి చేసే వేయాలి.

సోడియం కూడా కార్డులో లేదు. పీహెచ్ 8.5 దాటి, వాన పడితే నీరు ఇంకక బురద కట్టే కర్నూలు, కడప చౌడు నేలల్లో ఎంత జిప్సం అవసరమో తేల్చే పరీక్షను విడిగా అడిగి చేయించుకోవాలి. అక్కడ నమూనా కూడా వేరు, పైన తెల్లగా పేరుకున్న పొరను విడిగా, కింద మూడు అడుగుల దాకా ప్రతి అడుగుకూ విడిగా తీయాలి. చీనీ (బత్తాయి) తోట పెట్టాలనుకునేవాళ్లదీ ఇదే దారి, ఆరు అడుగుల గుంత తవ్వి అడుగడుగుకూ నమూనా ఇవ్వండి. పైన ఎర్రగా బాగున్నట్టున్న నేల కింద సున్నపు పొర ఉంటే అయిదో ఏటికి చెట్టు పసుపెక్కుతుంది, అప్పటికి చేసేది ఉండదు. నల్లరేగడిలో ఇనుము అంకెను కూడా గుడ్డిగా నమ్మొద్దు, సున్నం ఎక్కువున్న చోట డీటీపీఏ లెక్క 4.5 పీపీఎం (కిలో మట్టికి మిల్లీగ్రాములు) దాటినా లేత ఆకులు తెల్లబడతాయి. ఆకు చూసి మందు కొట్టడమే అక్కడ సరైన పని: 200 లీటర్ల నీటికి కిలో అన్నభేది (ఇనుము సల్ఫేట్), 200 గ్రాముల నిమ్మఉప్పు, వారం తేడాతో రెండుసార్లు.

జింకు 0.6 పీపీఎం లోపు ఉంటే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ ఆఖరి దుక్కిలో వేస్తే మూడు పంటలకు సరిపోతుంది. దాన్ని సూపర్‌తోనో డీఏపీతోనో కలిపి వేయకండి, భాస్వరంతో కలిస్తే రెండూ పంటకు అందకుండా పోతాయి. బోరాన్ 0.5 లోపు ఉంటే ఎకరాకు రెండు కిలోల బోరాక్స్. ఇక్కడ ‘ఇంకొంచెం’ అనే మాట వద్దు, బోరాన్‌లో చాలినదానికీ విషమయ్యేదానికీ దూరం చాలా తక్కువ. ఇసుకతో కలిపి చేనంతా సమంగా చల్లాలి.

గంధకం, జింకు, బోరాన్ మూడూ ఒకేసారి కొరతగా ఉన్నాయన్న సంగతి మనకు కొత్త కాదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2000 దశకం మొదట్లోనే కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల రైతుల చేల నుంచి మట్టి తీసి పరీక్షించి ఈ మాట చెప్పారు. అప్పటిదాకా మెట్టలో దిగుబడి తగ్గితే వానదే తప్పనుకున్నాం. నిజానికి పడిన ఆ కాస్త వానను కూడా పంట వాడుకోలేకపోవడానికి ఈ కొరతలే కారణమని వాళ్లు చూపించారు. ఆ పరిశోధన పక్క రాష్ట్రంలో పొలానికి చేరిన తీరు మనం నేర్చుకోవాల్సింది. 2009లో కర్ణాటక ‘భూచేతన’ మొదలుపెట్టినప్పుడు ఫలితాలను కార్డుల్లో రాసి ఊరుకోలేదు. రైత సంపర్క కేంద్రాల్లో జిప్సం, జింకు సల్ఫేట్, బోరాన్‌లను విత్తే సమయానికి నిల్వ పెట్టి సగం ధరకే ఇచ్చారు. సిఫారసూ సరుకూ ఒకే గడపలో దొరికాయి.

మన దగ్గర ఈ గొలుసు తెగేది సరుకు దగ్గర. కార్డు జింకు వేయమంటుంది, జూన్‌లో దుకాణానికి పోతే యూరియా, డీఏపీ ముందు కనిపిస్తాయి. ధరలు కూడా అటే లాగుతాయి. 45 కిలోల యూరియా 266 రూపాయల 50 పైసలు. 2010లో పోషకాల ఆధారంగా సబ్సిడీ ఇచ్చే పద్ధతి వచ్చినప్పుడు భాస్వరం, పొటాష్ ఎరువులు అందులోకి వెళ్లాయి, యూరియా మాత్రం బయటే ఉండిపోయింది. శాస్త్రం ‘నత్రజని చాలు, పొటాష్ వేయి’ అంటున్నప్పుడు ధరల పట్టిక ‘యూరియా వేయి’ అంటుంటే, అప్పు తెచ్చి సాగు చేసే మనిషి దేన్ని వింటాడు? ఊరి రైతు సేవా కేంద్రంలో ఏప్రిల్‌లోనే కార్డులన్నీ పక్కపక్కన పెట్టి, ఊరికి ఎన్ని టన్నుల జిప్సం, ఎన్ని బస్తాల సూపర్, ఎంత జింకు కావాలో ఇండెంట్ పంపితే ఈ సేవ విలువ రెట్టింపవుతుంది. గడి నమూనాలు అసలు పనికొచ్చేది ఈ లెక్కకే.

సేంద్రియ కర్బనం వరుసను చాలామంది చూడకుండా దాటేస్తారు. 0.5 లోపు ఉంటే తక్కువ, ఎర్రనేలల్లో ఎక్కువ కార్డుల్లో అదే ఉంటుంది. వేరుశనగను వేళ్లతో సహా పెరికేస్తాం, కాయ తీసిన ఎండు మొక్క (కట్టె) పశువులకు పోతుంది, పొట్టు బట్టీలకూ బాయిలర్లకూ అమ్ముడుపోతుంది, నేలకు తిరిగి ఇచ్చేదేమీ లేదు. అనంతపురంలోనే 1985లో మొదలైన దీర్ఘకాలిక ప్రయోగంలో ఏటేటా వేరుశనగే వేసి ఇరవై ఏళ్లు చూశారు. పూర్తి మోతాదు రసాయన ఎరువుల కంటే, సగం మోతాదుతో పాటు హెక్టారుకు నాలుగు టన్నుల వేరుశనగ పొట్టు వేసిన మడుల్లో దిగుబడీ మెరుగ్గా వచ్చింది, నేలలో కర్బనమూ నిలిచింది. ఎకరాకు పదహారు క్వింటాళ్ల పొట్టన్నమాట. అంత పొట్టు అందరికీ దొరకదు, నిజమే. ఉన్నంతలో సొంత పంట పొట్టయినా అమ్మకుండా చేనికి తోలడం, చేను ఖాళీగా ఉన్నప్పుడు మందలు నిలపడం కార్డులోని ఆ ఒక్క వరుసకు సరైన జవాబు. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట కర్బనం పెరగడమంటే మట్టి ఇంకో రెండు రోజులు పదును పట్టుకోవడం.

మూడు నాలుగు వందలకు ఆన్‌లైన్‌లో దొరికే సూది మీటర్లను కొనకండి. మట్టిలో గుచ్చగానే నత్రజని, భాస్వరం, పొటాష్ చూపిస్తామనే సెన్సర్లు నిజంగా కొలిచేది నేలలో కరెంటు ఎంత సులువుగా పారుతుందన్నదే, మిగతాది దాన్నుంచి వేసిన అంచనా. నీళ్లు పోసి మళ్లీ గుచ్చితే అంకె మారిపోతుంది. భోపాల్‌లోని మృత్తికా శాస్త్ర సంస్థ రూపొందించిన ‘మృదా పరీక్షక్’ లాంటి చిన్న ల్యాబు పెట్టెలు వేరు, అవి మట్టిని ద్రావణాల్లో కరిగించే చేస్తాయి, శిక్షణ ఉన్న చేయి పడితే బాగానే పనిచేస్తాయి.

కౌలుకు చేసేవాళ్ల సంగతి ఈ పథకంలో సరిగ్గా పట్టించుకోలేదు. భూమి ఎవరి పేరున ఉంటే కార్డు వాళ్ల పేరున వస్తుంది, అది కర్నూల్లోనో బెంగళూరులోనో ఉన్న యజమాని ఇంట్లో ఉండిపోతుంది. కౌలుకు ఒప్పుకునేముందే ఆ కార్డు అడిగి తీసుకోండి, లేకపోతే మీ పేరు, సర్వే నంబరు రాసి మీరే నమూనా ఇవ్వండి. ఒక ఏడాది కౌలే అయితే జింకు, పొట్టు లాంటి మూడేళ్ల ఖర్చును యజమానితో పంచుకోమని మాట్లాడుకోవాలి. జిప్సం, సూపర్ మాత్రం ఆ పంటకే తిరిగి వస్తాయి.

నమూనా తీసిన చోట్లను గుర్తు పెట్టుకోవడానికి ఫోనులో లొకేషన్ దాచుకోండి. ఆ ఏడు ఏ ఎరువు ఎన్ని కిలోలు వేశారో, ఎన్ని మూటల కాయలు వచ్చాయో కార్డు వెనక రాయండి. మూడేళ్ల తర్వాత అదే నెలలో, అవే చోట్ల, అదే లోతున తీసిన మట్టిని అదే ల్యాబుకు ఇస్తేనే పాత అంకెతో కొత్త అంకెను పోల్చడానికి వీలవుతుంది.